వెస్టిండీసు దీవులకు పోవు పెద్దలకు



వెస్టిండీసు అనిన పేరు క్రికెట్టు ఆట నెఱిగిన కుఱ్ఱవాండ్రకే గాని మనబోటివారికి పట్టదని తోచవచ్చును. కాని కన్హాయి, కాళీచరణ్, చంద్రపాల్ అను ఆటగాండ్ర పేళ్లు విని, ఇవి మన దేశపు పేళ్లవలె నున్నవే యని మీలో పలువు రాశ్చర్యపడియే యుందురు. ఆ యాశ్చర్యమునకు కారణము మన గోదావరి యొడ్డునకు అంత దూరమైనది కాదు.

యెదుర్లంక రేవున నిలిచిన గౌతమి కావలి యొడ్డున యానాము కనబడును. అది 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఫ్రెంచి దీవులలో 1848లో బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకుతోటలకు కూలీలు చాలక, మన దేశపు పేదవారిని ఒడంబడికపై ఓడల నెక్కించిరి. ఓరేలీ అను ఓడ 1853లో మార్టినీకు దీవికి, 1854 డిసెంబరులో గ్వాడెలూపు దీవికి మొదటి బంట్రోతు కూలీలను చేర్చెను. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి పోవు ఆ ప్రయాణమునకు ఇంచుమించు మూడు నెలలు పట్టెడిది. గ్వాడెలూపునకే సుమారు 42,000 మంది పోయిరి. వారిలో నాలుగవ వంతు కూడ తిరిగి రాలేదు. అధికులు తమిళులు, మన తెలుగువారును వారితో కలసి పోయిరి. మన తీరమునుండి మారిషసునకు పోయినవారికి అక్కడ కొరంగీలను పేరు నేటికిని గలదు. తాళ్లరేవు దగ్గఱి కోరంగి రేవే ఆ పేరునకు మూలము.

ఇదంతయు పూర్వకథ. ఇప్పుడు మన జిల్లాల పిల్లలు వైద్యవిద్యకై ఆ దీవులకు తఱచుగా పోవుచున్నారు. ఉద్యోగములపై పోవువారును గలరు. పిల్ల పురుడనియో, మనుమని పట్టప్రదానమనియో తాతలును అమ్మమ్మలును విమానమెక్కుచున్నారు. నేనును అట్లే పోయితిని. నా మనుమరాలి భర్త యానామువాడు. ఫ్రెంచి పౌరసత్వము గలవాడు. ఉద్యోగరీత్యా గ్వాడెలూపునకు పంపబడెను. నాకప్పటికి డెబ్బదియొక్క యేండ్లు. తెలియక చేసిన పొరపాట్లును, తెలిసి తప్పించుకొన్నవియు మీకు చెప్పుట నా యుద్దేశము.

మొదట కాగితముల సంగతి. గ్వాడెలూపు, మార్టినీకు 1946 నుండి ఫ్రాన్సు దేశపు జిల్లాలే యైనను, పారిసునకు ఇచ్చు వీసా అక్కడ చెల్లదు. ఆ దీవులకు చెల్లునట్లు వేఱుగ వ్రాయించుకొనవలెను. పారిసు వఱకు పోయి అక్కడ చిక్కుకొన్న వృద్ధుని బాధ ఎట్టిదో ఊహించుకొనుడు. ఇంగ్లీషువారు పాలించిన దీవులకు దేని నియమములు దానివే. వైద్యఖర్చుల భీమా తప్పక తీసికొనవలెను. చిన్న దీవిలో పెద్ద జబ్బు చేసిన, రోగిని మఱియొక దీవికి విమానముపై తరలింపవలసి వచ్చును. ఆ ఖర్చు మన యెకరములను మ్రింగును. మీకు పూర్వమునుండి గల చక్కెరవ్యాధిని, రక్తపుపోటును దాచక భీమా పత్రములో వ్రాయింపుడు. దాచిన యెడల అక్కఱ వచ్చినప్పుడు ఆ పత్రము చిత్తుకాగితమగును.

ఇక ట్రినిడాడు సంగతి కొంచెము విపులముగ చెప్పవలెను. గ్వాడెలూపు చూచిన పిదప ట్రినిడాడునకు కూడ పోవలెనని నాకు మిక్కిలి కోరిక యుండెను. అచ్చట వాటర్లూ అను గ్రామమున శివదాస్ సాధువను చెఱకుతోట కూలీ, నేలపై గుడి కట్టనీయకపోగా, సముద్రములోనికి రాళ్లు మోసి పోసి అచ్చటనే గుడి కట్టెను. దానిని చూడవలెనని కోరిక. కాని ట్రినిడాడు అడవులలో పచ్చజ్వరము అను వ్యాధి కలదు. ఇది మన పచ్చకామెర్లు కాదు. దోమకాటువలన వచ్చు ప్రాణాంతకమైన జ్వరము. ఈ వ్యాధి మన దేశమున లేదు. దానిని మోయగల దోమ మాత్రము మన వాకిటి తొట్లలోనే యున్నది. ఒక్క రోగి యా జ్వరముతో దిగినను ఏమగునో యని మన ప్రభుత్వము కఠినమైన నియమము పెట్టినది. పచ్చజ్వరముగల దేశమునుండి ఆరు దినములలోపల వచ్చినవాడు టీకా పత్రము చూపలేకపోయిన, విమానాశ్రయముననే ఆరు దినముల వఱకు వేఱుగ నుంచుదురు. ట్రినిడాడే కాక, గయానా, సురినాము, ఫ్రెంచి గయానాలకును ఇదియే నియమము. గ్వాడెలూపునకు, మార్టినీకునకు ఈ వ్యాధి లేదు.

టీకా వేయించుకొన్న చాలదా యని యడుగుదురు. హైదరాబాదు నారాయణగూడలోని నివారణ వైద్య సంస్థలో ఈ టీకా వేయుదురు. వేసిన పది దినములకు గాని పత్రము చెల్లదు. ఆపైన జీవితాంతము చెల్లును. అయితే అరువది యేండ్లు దాటినవారికి మొదటిసారి వేసినప్పుడు, అరుదుగానే యైనను, టీకాయే ప్రమాదకరమైన జబ్బును కలిగింపవచ్చును. వేసినది బ్రదికియున్న విషక్రిమి, ముదుసలి శరీరము దానిని అణచలేకపోవచ్చును. గ్రుడ్డు పడనివారును, రోగనిరోధకశక్తి తగ్గించు మందులు వాడువారును కూడ జాగ్రత్తపడవలెను. నా వైద్యుడు నా ఆరోగ్యము చూచి, సరదాకై పోవు ప్రయాణమునకు ఈ టీకా వలదనెను. నేను ట్రినిడాడు మానుకొంటిని. సముద్రములోని గుడిని చూడలేదను చింత నాకిప్పటికిని గలదు. అయినను ఆయన చెప్పిన మాట సరియైనదే. కొడుకో కూతురో అక్కడనే కాపురమున్నవారి లెక్క వేఱు. వారు వైద్యునితో కూర్చుండి మాటలాడి నిశ్చయించుకొనవలెను.

దోమలు జ్వరములను మోయునను సంగతి లోకమునకు తెలిసినది ఈ రెండు చోట్లనుండియే యనుట మనకు కొంత గర్వకారణము. క్యూబా దీవిలో కార్లోస్ ఫిన్లే యను వైద్యుడు పచ్చజ్వరమునకు దోమయే కారణమని 1881లో చెప్పగా చాలకాలము ఎవరును నమ్మలేదు. 1897 ఆగస్టు 20వ తేదిన మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. ఫిన్లే మాట నిజమని 1900లో హవానాలో రుజువయ్యెను.

విమానప్రయాణము. పారిసునుండి గ్వాడెలూపునకే ఎనిమిది తొమ్మిది గంటలు. మన దేశమునుండి పారిసునకు పట్టునది వేఱు. అంతసేపు కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండిన పిక్కలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కిన ప్రాణము పోవును. గంటకొకసారి లేచి నడువుడు. కూర్చుండియే మడమ లెత్తి దించుచుండుడు. నీరు త్రాగుడు, మాటిమాటికి లేవవలసి వచ్చునని దాహము చంపుకొను అలవాటు మన యాడువారిలో హెచ్చు. దిగిన పిదప ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టిన, నూనె రాయించుకొనుచు కూర్చుండక వెంటనే వైద్యునికి చూపవలెను.

అక్కడి గడియారము మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక. ఇన్సులిను సూది వేసికొనువారు ఏ పూట ఎంత వేసికొనవలెనో బయలుదేరకముందే వైద్యునిచే వ్రాయించుకొనవలెను. ఆ మందును సామానుపెట్టెలో వేయక చేతిసంచిలో నుంచుకొనవలెను. మందుల చీటీలో కంపెనీ పేరు కాక అసలు మందు పేరు వ్రాయింపుడు. మనయూరి దుకాణమున చెల్లు పేరు అక్కడివారికి తెలియదు.

అక్కడికి చేరినపిదప మొదటి శత్రువు పగటి దోమయే. డెంగీ, చికున్‌గున్యా, జికా మూడును ఆ దీవులలో గలవు. చికున్‌గున్యా అను పేరు మనకు 2006లో బాగుగ తెలిసెను. నెలల తరబడి కీళ్లు పట్టి గోడలు పట్టుకొని నడచినవారు మన గ్రామములలో నెందరో. అది 2013 చివరలో ఆ దీవులకు చేరెను. జికా జ్వరము గర్భిణులకు కీడు. కడుపులోని శిశువు తల సరిగా పెరుగదు. కాబట్టి గర్భముతోనున్న పిల్లను చూచుటకు పోయినవారు పగలుకూడ ఆమెను దోమ కుట్టకుండ చూడవలెను. జ్వరము వచ్చిన ఆస్పిరిను మ్రింగవలదు. డెంగీ యైనచో రక్తస్రావము హెచ్చును. పారాసిటమాలు చాలును. మలేరియా గ్వాడెలూపులో లేదు. హైతీ, డొమినికను రిపబ్లిక్కులలో గలదు.

ఇక నా పొరపాటు. గ్వాడెలూపులో సుఫ్రియేర్ అను అగ్నిపర్వతము కలదు. దాని చుట్టుప్రక్కల భూమిలోనుండి వెచ్చని నీరు ఊరి గుండములుగ నిలుచును. మావాండ్రు ఒక యుదయము నన్నట్టి గుండమునకు తీసికొనిపోయిరి. వెచ్చనినీరు, చుట్టును పచ్చని చెట్లు. నాకది తీర్థమువలె తోచెను. అంతర్వేదిలో చేసినట్లు సంకల్పము చెప్పుకొని, మూడు మునకలు వేయుటకు ముక్కు పట్టుకొంటిని. అప్పుడు ఒడ్డున బట్టలు మడచుచున్న యొక ముసలామె కేకవేసి, నీటిలోనికి దిగివచ్చి నా భుజము పట్టుకొనెను. మన దేశపు ముఖమే. చెవులకు బంగారు కమ్మలు. మాట మాత్రము వారి క్రెయోలు భాష. నాకొక ముక్కయు అర్థము కాలేదు. ఆమె తన ముక్కు చూపి, నుదురు చూపి, కన్నులు మూసి తల వాల్చి చూపెను. అప్పటికి నాకు కొంచెము కోపము వచ్చినమాట నిజము. స్నానము చేయు పెద్దవానిని పరాయి స్త్రీ పట్టుకొనుటయేమి యని.

మా మనుమని వరుసవాడు వచ్చి బోర్డు చదివి చెప్పెను. వెచ్చని మంచినీటిలో నుండు ఒక విధమైన అమీబా ముక్కు రంధ్రములనుండి మెదడునకు పాకును. పాకిన పిదప బ్రదికినవారు బహు తక్కువ. 2008లో ఆ దీవిలోనే ఒక బాలుడు గుండములో స్నానముచేసి ఈ విధముగ చనిపోయెను. అప్పటినుండి తల ముంచవలదని బోర్డులు పెట్టిరి. మెడవఱకు దిగిన భయము లేదు. నోటిలోనికి పోయినను హాని లేదు. ముక్కులోనికి పోరాదు. ఉప్పునీటిలో ఈ క్రిమి బ్రదుకదు. ఇది ఆ దీవులకే చెందిన సంగతియు కాదు. కేరళలో 2024లోను 2025లోను ఈ జబ్బు పలువురికి వచ్చెను. ఆ ముసలామెకు నేను చేతులు జోడించితిని. ఆమెయు చేతులు జోడించెను. ఆ యలవాటు మాత్రము ఆ యింటిలో మిగిలియున్నది.

ఆమె పూర్వు లేయూరివారో ఆమెకు తెలియదు. ఆ దీవిలోని మనవారు మారియమ్మను మాలియెమెన్ అందురు. మసాలాకూరను కొలంబో యందురు. ఓటుహక్కు కొఱకును, ఫ్రెంచి పౌరసత్వము కొఱకును హెన్రీ సిదంబరం అనునాయన 1904 నుండి 1923 వఱకు వ్యాజ్యమాడి సాధించెను. భాష మాత్రము చాలవఱకు పోయినది.

భోజనమునకు వచ్చెదను. మన ప్రాంతమువారికి చేపలపై గల మక్కువ చెప్పనక్కఱలేదు. పులస కొఱకు పుస్తెలమ్మువార మందురు గదా. అక్కడ మాత్రము పగడపు దిబ్బలలో తిరుగు పెద్ద చేపలను, ముఖ్యముగ బరకుడాను తినవలదు. దిబ్బలపై పెరుగు నాచులోని విషము చిన్నచేపలనుండి పెద్దచేపలకు చేరి కూడుకొనును. ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను ఆ విషము చావదు. రుచిలోను వాసనలోను తెలియదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనములు, పెదవుల తిమ్మిరి. చన్నీరు తాకిన మండినట్లుండుట దీని గుఱుతు. ఊరివారు తిను చేప ఏదో అడిగి తినుటయే మేలు.

మఱియొక సంగతి అరటి రైతులు వినవలసినది. గ్వాడెలూపు, మార్టినీకు దీవులలో అరటి దుంపను తొలుచు ముక్కుపురుగునకై క్లోర్‌డెకోన్ అను మందును 1972 నుండి 1993 వఱకు చల్లిరి. పురుగు చచ్చెను; మందు చావలేదు. ఆ నేలలో అది యిప్పటికిని ఉన్నది. అరటిపండులోనికి అంతగా ఎక్కదు గాని, నేలలో ఊరు దుంపలలోనికి చేరును. వాననీటితో ఏళ్లలోనికి పోయి చేపలలోను చేరును. అందుచేత ఆ ప్రాంతములలో చేపలు పట్టుటను నిషేధించిరి. గుర్తెఱుగని పెరటినుండి వచ్చిన చేమ, పెండలము, చిలగడదుంపలు కంటికి మన కొత్తపేట సంతలోని వానివలెనే యుండును. అంగడిలో పరీక్షచేసి అమ్మునవి కొనుట మంచిది. మనమును దుంపకు మందు పోయునప్పుడు ఈ కథ తలచుకొనవచ్చును.

సముద్రపుటొడ్డున ఆకుపచ్చని చిన్న ఆపిలుపండ్లవంటి పండ్లు రాలియుండును. తియ్యని వాసన వేయును. ఆ చెట్టు మాంచినీలు. పండు నోట పెట్టిన గొంతు పొక్కి వాచును. దాని పాలు తగిలిన చర్మము బొబ్బలెక్కును. వానలో దాని క్రింద నిలిచిన ఆకులనుండి కారు నీరే కాల్చును. చెట్టు మొదట ఎఱ్ఱని పట్టె పూసియుందురు. మనుమలను చూచుకొనుడు. మఱియు 2011 నుండి గోధుమరంగు సముద్రపునాచు రాసులుగ ఒడ్డునకు కొట్టుకొని వచ్చి కుళ్లుచున్నది. క్రుళ్లిన కోడిగ్రుడ్డు వాసన. ఉబ్బసము గలవారు అటు పోరాదు.

గాలివానను గూర్చి మనకు చెప్పవలసిన పనియేమి యని మీరనవచ్చును. 1996 నవంబరు 6వ తేది రాత్రి మన కొబ్బరితోటలు పడినవిధము చూచినవారము. అంతకు పూర్వము 1789లోను, 1839లోను కోరంగి సముద్రము పాలయ్యెను. 1848లో హెన్రీ పిడింగ్‌టన్ అను దొర కలకత్తానుండి వ్రాసిన పుస్తకములో సైక్లోను అను మాటను లోకమునకు ఇచ్చెను. కోరంగి ఉప్పెనను గూర్చియు ఆయన వ్రాసెను. దానినే ఆ దీవులలో హరికేను అందురు. జాతి యొకటే, కాలము వేఱు. మనకు మే నెలయు, అక్టోబరు నవంబరులును భయము. వారికి జూన్ 1 నుండి నవంబరు 30 వఱకు. అందు ఆగస్టునుండి అక్టోబరు వఱకు తీవ్రము. 1928 సెప్టెంబరులోను, 1989 సెప్టెంబరులోను గ్వాడెలూపు చితికిపోయెను. కాబట్టి జనవరినుండి ఏప్రిలు లోపల పోవుట మేలు.

పురుడు సెప్టెంబరులోనే వచ్చినచో ఏమి చేయుదుము? అప్పుడు ఆ ఫ్రెంచి దీవుల రంగుల గుఱుతులు తెలిసికొనవలెను. పసుపు, నారింజ, ఎఱుపు, ఊదా. ఎఱుపే చివరిదని మనమనుకొందుము. కాదు. ఎఱుపునాటికే ఇంట చేరవలెను. ఊదా యనిన తలుపు తీయకూడదు. తరువాత బూడిదరంగు ప్రకటింతురు. గాలి తగ్గినది గాని తీగలు తెగియున్నవి, వంతెనలు పోయియున్నవి, తిరుగవలదని దాని యర్థము. గాలివాన నడిమి కన్ను మీదుగా పోవునప్పుడు అకస్మాత్తుగ ప్రశాంతమగును. తగ్గినదని పశువులను చూడబోయినవారి కథలు మన ప్రాంతమువారికి తెలియును. గాలి ఎదుటి దిక్కునుండి తిరిగి విఱుచుకొని పడును. ఒక భేదము మాత్రము గలదు. మనది చదునైన లంకల నేల. ఉప్పెన భయము హెచ్చు. అక్కడ కొండలు గలవు. కొండచరియలు విఱిగి పడును, ఏళ్లు గడియలో పొంగును. ఆకాశము నిర్మలముగ నున్నను, కొండమీది వానకు క్రింది యేరు పొంగవచ్చును.

అగ్నిపర్వతములు నిత్యము మండవు. మార్టినీకులో 1902 మే 8న పెలే పర్వతము ప్రేలి సెయింట్ పియేర్ పట్టణమును నిమిషములలో బూడిద చేసెను. ఇప్పుడు పరికరములు పెట్టి కనిపెట్టియుందురు. పొమ్మన్ననాడు సామాను కొఱకు చూడక పోవలెను, అంతే.

దొంగభయము దీవి దీవికిని, పేట పేటకును మారును. నాన్‌తాడు, గాజులు ఇంట నుంచి పోవుడు. గ్వాడెలూపులో బండ్లు కుడివైపున నడచును. దారి దాటునప్పుడు మొదట ఎడమకు చూడవలెను. నేను రెండుసార్లు కుడికి చూచి తిట్లు తింటిని. అక్కడ ఆపదలో 15 అను సంఖ్యకు ఫోను చేసిన వైద్యులు వత్తురు. 112 కూడ పనిచేయును. పాసుపోర్టు నకలు ఒకటి వేఱుచోట దాచుకొనుడు.

తిరిగి వచ్చునప్పటి సంగతితో ముగించెదను. వచ్చిన నెలలోపల జ్వరము వచ్చినయెడల వైద్యునికి ముందుగా మీరు పోయివచ్చిన దేశము పేరు చెప్పుడు. ఆయన అడుగడు, మన ముఖము చూచి అమలాపురము దాటినవాడు కాడనుకొనును.

నేను బయలుదేరుటకు ముందునాడు గుండమువద్ద కలిసిన ఆ ముసలామె మా యింటికి వచ్చెను. ఎవరో చెప్పిరి కాబోలు, నేను కొబ్బరి దేశమువాడనని. చేతిలో మూడాకుల కొబ్బరిమొక్క యొకటి, తడిగోనెలో చుట్టి తెచ్చెను. ఏమి చేయుదును? మన తోటలను పట్టి ఆకులపై మసి పూయుచున్న తెల్లదోమ మధ్య అమెరికా ప్రాంతమునుండి వచ్చినదే. 2016లో మన దేశమున కనబడెను. అంబాజీపేట పరిశోధనస్థానమువారు మిత్రపురుగులను పెంచి వదలవలసి వచ్చెను. అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. ప్రాణాంతకపు పసుపుతెగులని దాని పేరు. కాయలు రాలి, ఆకులు పండి, మువ్వ ఊడి కొన్ని నెలలలో చెట్టు మొండిగ నిలుచును. జమైకాలోని పొడుగుజాతి చెట్లలో అధికభాగమును అది తుడిచివేసెను. మొక్కలోనే దాగి ప్రయాణము చేయగలదు, కంటికి కనబడదు. అనుమతి లేని మొక్కను గాని, వేరునంటిన మట్టిని గాని మన దేశమునకు తెచ్చుట చట్టమునకును విరుద్ధము.

ఈ సంగతులన్నియు మా మనుమని వరుసవాడు ఆమెకు క్రెయోలులో చెప్పెను. ఆమె చిన్నబుచ్చుకొనలేదు. ఆ మొక్కను వారి పెరటిలోనే, గోడవారగా, ఆమెయు నేనును కలసి నాటితిమి. కాపునకు వచ్చినదని మొన్న వేసవిలో ఫోటో పంపిరి.